మెత్తటి ట్యూబులు

"కొనేముందు వాసన చూశావా?"

"చూశానక్కా. వాసన చూసి, వేలితో నొక్కి చూసి, అప్పుడు కొన్నాను. దుకాణం అతను నవ్వాడు కూడా. ఇవి పళ్లు కాదమ్మా, ప్లాస్టిక్ ట్యూబులు, ముక్కు దగ్గర పెట్టుకుంటావేంటి అన్నాడు."

పోలీసు స్టేషను వెనక గదిలో గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. ఆయాగా పనిచేసే ఆ పిల్ల ఈ మాట చెప్పి తల దించుకుంది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఛాతీ దగ్గర బట్ట తడిసిపోతే రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చుంది. బయట వరండాలో ఆమె తొమ్మిది నెలల కూతురు అమ్మమ్మ భుజం మీద ఏడుస్తోంది. ఆ ఏడుపు వినబడినప్పుడల్లా ఆ తడి ఇంకాస్త పెద్దదవుతోంది.

ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌ను అందరూ చీమ అంటారు. ఆ పేరు పెట్టింది ఇన్‌స్పెక్టరే. మనిషి పొట్టి, పట్టుకుంటే వదలదు అని. ఆమెకి కోపం రాలేదు. అసలు పేరుతో పిలిచే మనిషి ఈ ఊళ్లో ఒక్కరూ లేరు. ఏదో ఒక పేరుతో పిలుస్తున్నారు కదా అనుకుంది.

కేసు చెప్పాలంటే నాలుగు ముక్కలు. గడియారాలు బాగుచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటారు. వెండి నాణేలు పోగుచెయ్యడం ఆయన పిచ్చి. మంగళవారం పదకొండూ ఇరవైకి ఈ ఆయా తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసేసరికి ఆయన నాణేల బీరువా ముందు నేల మీద పడి ఉన్నారు. తల బీరువా అంచుకి తగిలింది. ఈరోజు గురువారం. ఇంతవరకూ తెలివి రాలేదు. బీరువాలో నాణేలు పేర్చి దాచే ప్లాస్టిక్ ట్యూబులు నలభై ఉంటే అందులో ఏడింట్లో ఉన్నవి వెండి నాణేలు కావు, వెండి పూత పూసిన రాగి బిళ్లలు. ఆయా సంచిలో మూడు వారాల కిందటి రసీదు దొరికింది. కొన్నది ఏడు ట్యూబులు.

ఏడుకి ఏడు సరిపోయాయి. సాయంత్రం ఐదింటికి ఆ పిల్లని మేజిస్ట్రేటు ముందుకి తీసుకెళతారు. ఆ తర్వాత జైలు. పాలు తాగే బిడ్డ సంగతి ఏ కాయితంలోనూ లేదు.

"ఏడే ఎందుకు కొన్నావు?" చీమ అడిగింది.

"తాతగారు ఏడే తెమ్మన్నారు. దేనికని అడిగితే, వచ్చేవాళ్లు ఉన్నారు, చోటు సిద్ధం చెయ్యాలి అన్నారు. నాణేల గురించి మనుషుల్లాగే మాట్లాడతారాయన."

"ఎలాంటివి తెమ్మన్నారు?"

ఆ ప్రశ్నకి ఆ పిల్ల మొహంలో మొదటిసారి కాస్త ప్రాణం వచ్చింది. "అబ్బో, ఆ పాఠం నాకు నోటికొచ్చక్కా. మూడుసార్లు తిరగ్గొట్టారు నన్ను. ట్యూబు గట్టిగా ఉండాలి, నొక్కితే లోపలికి పోకూడదు. అద్దంలా అవతలి వేలు కనబడాలి. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాకూడదు. కొత్త చెప్పుల వాసనొచ్చిందంటే అది వెండికి విషమంట. నాణెం వేస్తే దాని బరువుకి అదే మెల్లగా దిగాలి. నిండా పేర్చి ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడొస్తే ఒకదాన్నొకటి గీసుకుంటాయంట. బిగుతైతే తీసేటప్పుడు గీసుకుంటాయంట. పెళ్లిసంబంధం కూడా ఇంత చూడరు తాతగారూ అన్నాను. అందుకే నాకు పెళ్లి కాలేదే అన్నారు."

నవ్వబోయి ఆగిపోయింది. వరండాలో ఏడుపు తగ్గి గలగలమని ఏదో చప్పుడు మొదలైంది.

"అదేమిటి?"

"పాప గిలక్కాయక్కా. రోజూ దాన్నీ నాతో తీసుకెళ్తానుగా, తాతగారే చేశారు. పాత గడియారం చక్రాలు ట్యూబులో వేసి మూత అంటించేశారు. పిల్ల నోట్లో పెట్టుకుంటుందని ఆ ట్యూబుని నెల్లాళ్లు పరీక్షకి పెట్టాకే ఇచ్చారు."

"పరీక్ష అంటే?"

"బీరువా అడుగు సొరుగులో ఏవో పెడతారు. నన్ను ముట్టుకోనివ్వరు."

"ఆయన ఇంటికి ఎవరెవరు వస్తారు?"

"ఎవరొస్తారక్కా. శనివారం సాయంత్రం మందుల షాపు బాబాయిగారు వస్తారు. ఆయనొక్కరే స్నేహితుడు. నేను చేరి అరవై ఎనిమిది రోజులైంది, ఇంకొకళ్లు కుర్చీలో కూర్చోగా చూళ్లేదు." ఏదో గుర్తొచ్చినట్టు అంది, "మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా తాతగారు లేచి గోడ గడియారం తలుపు తెరుస్తారు. వాళ్లు వెళ్లాక మళ్లీ తెరుస్తారు. టైము సరిచేస్తారేమో. అంత మంచి గడియారం తప్పు పోతుందా ఏంటి?"

"మంగళవారం నువ్వెందుకు ఆలస్యంగా వెళ్లావు? రోజూ ఎనిమిదింటికే వెళ్తావుగా."

"పాపకి టీకా. ముందురోజే చెప్పాను. సరే, నెమ్మదిగా రా, రేపు నాకూ ఒక పనుంది అన్నారు." ఆమె కళ్లు నిండాయి. "అక్కా, నాకేమైనా పర్లేదు. పాప సీసాపాలు తాగదు. ఐదు తర్వాత దానికి..."

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. భారీ మనిషి. ఆయన వస్తే గది ఇరుకైనట్టుంటుంది.

"ఏం చీమగారూ, అయిందా పాఠం? ప్లాస్టిక్ వాసన చూడ్డం నేర్చుకున్నారా?"

"నేర్చుకుంటున్నా. మీరూ కూర్చోండి, పనికొస్తుంది."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ? ఫీజిచ్చే మనిషి లేడు, పట్టించుకునే బంధువు లేడు. మీకెందుకీ కేసు?"

"వాళ్లమ్మ పసిపిల్లని చంకనేసుకుని నా గది మెట్లన్నీ ఎక్కి వచ్చింది. అంతకంటే కారణం కావాలా?" చీమ తను రాసుకుంటున్న పుస్తకం మూసింది. "ఒకటి చెప్పండి. ముసలాయన పడిపోయారని ఫోనొస్తే వెళ్లారు. అక్కణ్ణించి నాణేలు పరీక్ష చేయించాలని మీకెలా తోచింది?"

"నాకేం దివ్యదృష్టి లేదు. ఆయన స్నేహితుడు, మందుల షాపాయన, ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. కొత్తగా చేరిన పనిపిల్ల మీద నాకు మొదట్నుంచీ అనుమానమే సార్, ఓసారి నాణేలు చూపించండి అన్నాడు. చూపించాం, దొంగతనం బయటపడింది. తలుపు గొళ్లెం లాగితే దానంతటదే పడే రకం, విరగ్గొట్టిన గుర్తులు లేవు. రెండో తాళంచెవి ఈ పిల్ల దగ్గరే ఉంది. ఇంకేం కావాలి?"

ఆ స్నేహితుణ్ణి చీమ కూడా చూసింది. పొద్దున తొమ్మిదింటికి ఆస్పత్రికి వెళితే, పెద్దాయన మంచం చుట్టూ మనిషన్నవాడు లేడు. గోడ మీద బల్లి తప్ప ఆయన్ని చూసే ప్రాణి లేదు. గుమ్మం దగ్గర మందుల షాపాయన నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. శనివారం చూడ్డమేనండీ, మంగళవారం షాపులో ఉండిపోయాను, పక్కనుంటే ఇలా జరగనిచ్చేవాణ్ణా అన్నాడు. చీమకి జాలేసింది. ఇవాళంతా ఆయన పక్కన కూర్చోగలరా అని తనే అడిగింది.

"ఇంటి తాళం ఇప్పించండి," అంది ఇన్‌స్పెక్టరుతో. "ఐదుకి ముందే మీ గుమ్మంలో ఉంటాను."

"నా పుట్టలో వేలు పెట్టకండి చీమగారూ."

"పుట్టలో వేలు పెడితే కుట్టేది నేను. మీరు కాదు."

వరండాలో అమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పిల్ల గిలక్కాయని చిగుళ్లతో కొరుకుతూ చీమ మొహంలోకి చూసి, ఉన్నట్టుండి నవ్వింది. చీమ ఆ ట్యూబుని వేళ్లతో నొక్కి చూసింది. రాయిలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాల వాసన తప్ప ఇంకేం లేదు.

*

రెండూ యాభైకి కానిస్టేబులు పెద్దాయన ఇంటి తాళం తీసి, మెట్ల మీద కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. "మీ పని మీరు చూసుకోండమ్మా. నాకు మోకాళ్లు మళ్లీ మాట వినేదాకా ఇక్కడే ఉంటా."

రెండు గదుల ఇల్లు. ఒక మంచం, ఒక కంచం, ఒక దువ్వెన. కుర్చీలు మాత్రం రెండు. ఒకదాని మెత్త గుంటపడి మాసి ఉంది. రెండోది ఎవరూ కూర్చోనట్టు ఉబ్బెత్తుగా ఉంది. వంటగట్టు మీద కడగని గ్లాసులు రెండు.

చీమ ఆ గ్లాసుల దగ్గర ఆగిపోయింది. మంగళవారం ఆయా వచ్చింది పదకొండూ ఇరవైకి. వస్తూనే కేకలు పెట్టింది, ఆపైన ఆస్పత్రి, పోలీసులు. మరి రెండో గ్లాసులో తాగింది ఎవరు?

బీరువా లోపలి గదిలో గోడకి ఆనించి ఉంది. అంచు మీద ఎండిన మరక. పై సొరుగుల్లో నలభై ట్యూబులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పోలీసులు ఏడింటికి ఎర్ర దారం కట్టి వదిలేశారు. చీమ చేతితొడుగులు వేసుకుని, దారం లేనిది ఒకటి తీసింది. గట్టిగా ఉంది, అద్దంలా ఉంది. ఊపింది. చప్పుడు లేదు. మూత తిప్పి వాసన చూసింది. ఏమీ లేదు.

ఎర్ర దారం ఉన్నది తీసి వేళ్లతో నొక్కితే, సబ్బుపెట్టెలా లోపలికి పోయింది. మూత తియ్యగానే కొత్త చెప్పుల వాసన గుప్పుమంది.

ఆయా చెప్పిన పాఠం గుర్తొచ్చింది. మూడుసార్లు తిరగ్గొట్టించుకున్న పిల్ల, కళ్లు మూసుకుని కూడా ఈ ట్యూబు కొనదు. కానీ ఇన్‌స్పెక్టరుకి ఈ మాట చాలదు. ప్లాస్టిక్ ప్లాస్టిక్కే అంటాడు.

బిళ్లల్ని ఒక్కొక్కటే అంచు పట్టుకుని గుడ్డ మీద పరిచింది. పూత పల్చబడిన అంచుల్లో ఆకుపచ్చటి జిడ్డు. వేలికి జిగురులా అంటుకుంటోంది. చెమ్మకి పట్టిన చిలుమైతే పొడిగా రాలుతుంది. ఇది రాలడం లేదు, సాగుతోంది.

అప్పుడు అడుగు సొరుగు లాగింది.

అందులో పది పన్నెండు ట్యూబులు పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కో దాంట్లో ఒక్కటే రాగి బిళ్ల. ఒక్కోదానికి దారంతో చీటీ. గడియారాలు బాగుచేసిన చెయ్యి కదా, అక్షరాలు ఆవగింజంత ఉన్నాయి. చీమ భూతద్దం తీసింది.

ముసలాయన ఏ ట్యూబునీ మాట మీద నమ్మలేదు. కొత్తరకం ఏది చేతికొచ్చినా, తళతళలాడే రాగిబిళ్ల ఒకటి అందులో వేసి ఈ చీకట్లో పెట్టేవాడు. నెలకోసారి తీసి చూసి చీటీ మీద రాసేవాడు. రాగి మెరుపు పోకుండా ఉంటేనే ఆ రకం ట్యూబులోకి వెండి వెళ్లేది. ఎక్కువ చీటీల మీద "మార్పు లేదు, మార్పు లేదు" అనే ఉంది. మనుషుల్ని కూడా ఇలా పెట్టి చూడగలిగితే ఎంత బాగుణ్ణో అనుకుంది చీమ.

ఆఖరున ఒక మెత్తటి ట్యూబు ఉంది. దాని చీటీ మీద తొమ్మిది నెలల కిందటి తారీఖు.

"ఒకటో నెల: మార్పు లేదు. మూడు: అంచు మసక. ఐదు: ఆకుపచ్చ చుక్క ఒకటి. ఏడు: జిడ్డు, వేలికి అంటుతోంది. తొమ్మిది: బిళ్ల పాడయింది."

చీమ ఆ చీటీని రెండుసార్లు చదివింది. ఎర్రదారం బిళ్లల్ని దాని పక్కన పెట్టింది. అదే చీకటి, అదే బీరువా, అదే రకం ట్యూబు. వేలికి అంటుకునే ఆ జిడ్డు పట్టడానికి ఏడు నెలలు. ఆయా చేరింది అరవై ఎనిమిది రోజుల కిందట.

సొరుగు మూల ఒక సంచి కనబడింది. అందులో ఇంకా పదకొండు మెత్తటి ట్యూబులు, మూతలు కూడా తియ్యనివి. పరీక్షకి పెట్టినదాంతో కలిపితే డజను. అన్నింటి అడుగునా అచ్చులో పడిన చిన్న ముక్కోణం బొడిపె. ఎర్రదారం కట్టినవి తిప్పి చూసింది. ఏడింటికీ అదే బొడిపె.

ఆయన దగ్గరికి వచ్చిన డజనూ ఇక్కడే ఉంటే, ఈ ఏడూ ఎక్కణ్ణించి వచ్చాయి?

ఎవరు ఆయనకి డజను ఇచ్చారో, వాళ్ల దగ్గరే ఇంకొన్ని మిగిలి ఉండాలి.

ఫోను మోగింది. నాలుగు. రోజూ నాలుగింటికే మోగుతుంది. వేరే ఊళ్లో అమ్మమ్మ దగ్గరుండి చదువుకుంటున్న కూతురు. ఐదేళ్లది.

"అమ్మా, ఇవాళ వస్తావా?"

"రేపమ్మా."

"నిన్న కూడా రేపే అన్నావు."

"అన్నం తిన్నావా?"

"నువ్వు తిన్నావా?"

చీమకి పొద్దుటినుంచీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. "తిన్నాను," అని ఫోను పెట్టేసింది. గదిలో గోడ గడియారం ఒక్కటే చప్పుడు చేస్తోంది. ఇన్నేళ్లూ ఈ చప్పుడు తోడుగా ఆ మనిషి ఎలా పడుకున్నాడో అనుకుంటూ తలెత్తి చూసింది.

గడియారం. మెట్ల మీద అడుగు వినబడగానే తెరిచే తలుపు.

కుర్చీ వేసుకుని ఎక్కింది. అద్దం తలుపు తీసింది. లోలకం వెనక, కొక్కేనికి వేలాడుతూ, అరచేతిలో పట్టేంత పుస్తకం, దానికి కట్టిన పెన్సిలు ముక్క.

"దిగండి, పడిపోతారు. ఈ ఇంట్లో ఒకరు పడ్డారు, చాలు."

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. టైము నాలుగూ పది.

*

"యాభై నిమిషాలు ఇంకా నావే," అంది చీమ కుర్చీ దిగుతూ.

"మీ కోసం రాలేదు. ఆ ఏడు ట్యూబులు కోర్టుకి కావాలి. ఏం దొరికింది? ఇంకో వాసనా?"

"కూర్చోండి. ఆ గుంటపడిన కుర్చీలో కాదు, రెండోదాంట్లో. వచ్చినవాళ్ల కుర్చీ అది."

ఆయన కూర్చోలేదు. చీమ చీటీని, జిడ్డు పట్టిన బిళ్లల్ని ఆయన ముందు పెట్టింది. ఏడు నెలల సంగతి చెప్పింది.

"ఇదంతా రాగి బిళ్ల సాక్ష్యమా? మేజిస్ట్రేటుకి ఏం చెప్పను? అయ్యా, ఈ బిళ్ల ప్రమాణం చేసి చెబుతోందని చెప్పనా?"

"మనుషుల సాక్ష్యం విని మీరేం చేశారో చూశాంగా. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఆ పిల్ల మీద పడ్డారు. ఆ పిల్ల కొన్న ఏడు ట్యూబులు ఎక్కడున్నాయి?"

"ఇవే."

"రసీదులో ఏం రాసుంది? చదివారా?"

ఇన్‌స్పెక్టరు జేబులోంచి రసీదు తీశాడు. పెదాలు కదిలాయి. "గట్టివి, స్క్రూ మూత, ఏడు." ఆయన గొంతు కాస్త తగ్గింది. ఎర్రదారం ట్యూబుని నొక్కాడు. లోపలికి పోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ పోయింది.

"గట్టివి ఏవి మరి?"

"అదే నేనూ అడుగుతున్నా. వెతకండి. మీకు చేతులు పెద్దవి."

ఆయన గొణుక్కుంటూనే మంచం కింద వంగాడు. దిండు ఎత్తాడు. బల్ల కింద అర తీశాడు. అక్కడున్నాయి. ఏడు గట్టి ట్యూబులు, అద్దాల్లా తుడిచి, ఖాళీగా, వరసగా. ఒక్కోదాని మీద ఒక కాయితం ముక్క అంటించి ఉంది. ఏ నాణేలు, ఎన్ని, ఏ సంవత్సరానివి. పోయిన ఏడు ట్యూబుల్లో ఉండవలసినవే.

"పోయిన నాణేలకి..." ఇన్‌స్పెక్టరు ఆగాడు. "పోయాయని ఆయనకి తెలుసా?"

చీమ పుస్తకం తెరిచింది. పైకి చదివింది.

"సోమవారం: ఎవరూ రాలేదు. మంగళవారం: ఎవరూ రాలేదు. బుధవారం: గ్యాసు మనిషి, 11.02 నుంచి 11.04. గురువారం: ఎవరూ రాలేదు. శుక్రవారం: ఎవరూ రాలేదు. శనివారం: మిత్రుడు, 5.00 నుంచి 6.10."

పేజీలు తిప్పింది. నెలలకి నెలలు. ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు. ఒక పేజీలో "ఎవరో మెట్లెక్కారు, పై అంతస్తుకి వెళ్లిపోయారు" అని ఉంది. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎందుకో తెలియకుండానే.

తొమ్మిది నెలల కిందటి శనివారం దగ్గర చీమ వేలు ఆగింది.

"మిత్రుడు, 5.00 నుంచి 6.20. నాకోసం రెండు డజన్లు కొన్నాడట, డజను తెచ్చాడు. మిగతావి కావాలంటే మళ్లీ తెస్తానన్నాడు. ముట్టుకోగానే తెలిసింది, పనికిరావు. బాగున్నాయన్నాను. అంత దూరం మోసుకొచ్చాడు. వెండి వీటిలోకే మారుస్తానన్నాను."

"అదీ సంగతి," అంది చీమ మెల్లగా. "ట్యూబులు బాగున్నాయన్నాడు పెద్దాయన, నాణేలు వాటిలోకే మారుస్తానన్నాడు. ఆ మిత్రుడు నమ్మేశాడు. అందుకే నాణేలు కాజేసి రాగిబిళ్లలు పెట్టేటప్పుడు తన దగ్గర మిగిలిన డజనులోంచి ట్యూబులు తీశాడు, కలిసిపోతాయని. ఎవరికీ తెలియదనుకున్నాడు. వచ్చే ఒక్క మనిషిని నొప్పించలేక పెద్దాయన చెప్పిన అబద్ధం అది. అదే దొంగని పట్టించింది."

ఇంకొన్ని పేజీలు తిప్పి, రెండు నెలల తర్వాతి తారీఖు దగ్గర చదివింది.

"కంటి ఆపరేషనయి ఇంటికొచ్చాను. రెండు రోజులు తాళంచెవి మిత్రుడి దగ్గర. సొరుగు తెరిచాను. ఏడు మెత్తగా తగిలాయి. ఒక కంటికి ఇంకా కట్టుంది. అక్కర్లేదు, వేళ్లకి తెలుసు. అడిగితే శనివారం రాడు."

దాని కింద, వచ్చిన శనివారం: "మిత్రుడు, 5.00 నుంచి 6.30. అడగలేదు." ఆ తర్వాత శనివారం: "అడగలేదు." ఆ తర్వాతా అదే. ఏడు నెలల శనివారాలు.

ఇన్‌స్పెక్టరు రెండో కుర్చీలో కూర్చున్నాడు. "పిచ్చిముసలాడు," అన్నాడు. గొంతులో తిట్టు లేదు. "దొంగకి టీ ఇచ్చి కూర్చోబెట్టుకున్నాడా?"

"ఎవరూ రాలేదు అని రాయడం కంటే అదే తేలికనిపించింది."

"మరి మంగళవారం?"

చీమ ఆఖరి పేజీ తీసింది. అక్షరాలు ఇక్కడ కాస్త పెద్దవి. ఉత్సాహంగా ఉన్న చేతివి.

"మంగళవారం. మిత్రుణ్ణి రమ్మన్నాను. ఇవాళ అడుగుతాను. తిరిగిచ్చేస్తే చాలు, ఎవరికీ చెప్పను, ఏడు ట్యూబులు సిద్ధంగా పెట్టాను. కోపమొచ్చి రావడం మానేస్తే మానెయ్యనీ. ఇప్పుడు రోజూ పొద్దున పాప వస్తోంది."

చీమ కింది వరస చూపించింది.

"మిత్రుడు, 10.05 నుంచి"

అంతే. తర్వాత ఖాళీ.

"గ్యాసు మనిషి రెండు నిమిషాలున్నా వెళ్లిన టైము రాసిన మనిషి ఈయన," అంది. "ఈ పుస్తకం మొత్తంలో వచ్చి వెళ్లని అతిథి ఇతనొక్కడే. వెళ్లిన టైము రాయడానికి పెద్దాయన లేవలేదు."

"శనివారం తర్వాత చూడలేదన్నాడు నాతో."

"నాతోనూ అన్నాడు. మంగళవారం షాపులోనే ఉన్నానన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకోవడం విన్నాం. ఇతను ఎవరూ అడక్కముందే పక్కవాళ్ల భుజం చూపించాడు, నాణేలు చూడండి సార్ అని."

ఇన్‌స్పెక్టరు లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. స్టేషనుకి ఫోను చేసి రెండే మాటలన్నాడు. "ఆ పిల్లని కోర్టుకి పంపకండి. ముందు పాలివ్వనివ్వండి." ఫోను జేబులో పెట్టి, చీమ వైపు చూడకుండా, "సరే, కుట్టారు," అన్నాడు. "ఇప్పుడా మందుల షాపుకి పోదాం. పారిపోయేలోపు పట్టుకోవాలి."

చీమ కదల్లేదు.

"అతను షాపులో లేడు."

"ఎక్కడున్నాడు?"

అప్పటికే ఆమె వేళ్లు ఆస్పత్రి నంబరు నొక్కుతున్నాయి. నాలుగూ ఇరవై ఐదు. రింగయింది. రింగయింది. ఏడో రింగుకి నర్సు ఎత్తింది.

"ఆ, పెద్దాయనా? నేనే ఫోను చేద్దామనుకుంటున్నా మేడమ్, మంచివార్త. పావుగంట కిందట కళ్లు తెరిచారు. మాట ఇంకా స్పష్టంగా రావడం లేదు. ఏదో ఏడు, ఏడు అంటున్నారు."

"లోపల ఎవరున్నారు?"

"వాళ్ల స్నేహితులే. మందులన్నీ తెలిసిన మనిషి కదా, పాపం పొద్దుటినుంచీ కదల్లేదు. ఆయన్ని నిద్రపోనివ్వండి, నేను చూసుకుంటానని మమ్మల్ని బయటికి పంపి తలుపు వేసుకున్నారు."

"తలుపు తియ్యండి! ఇప్పుడే! వినబడుతోందా?"

అవతల అడుగుల చప్పుడు. తలుపు తట్టిన చప్పుడు. మళ్లీ తట్టిన చప్పుడు, ఈసారి గట్టిగా. నర్సు గొంతు దూరంగా వినబడింది. "సార్... సార్, గడియ తియ్యండి సార్..."

ఇన్‌స్పెక్టరు మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాడు. కానిస్టేబులు చెప్పులు వదిలేసి ఆయన వెనక పరిగెత్తాడు. చీమ ఫోను చెవికి ఆనించుకునే వాళ్ల వెనక పరిగెత్తింది. కళ్ల ముందు మాత్రం పొద్దుటి గది కదలకుండా నిలబడి ఉంది. ఎవరూ లేని మంచం. గుమ్మంలో కళ్లు తుడుచుకుంటున్న మనిషి. మూలనున్న ఒక్కగానొక్క కుర్చీ.

ఆ కుర్చీని మంచం పక్కకి లాగి వేసింది తనే.